సామ్రాజ్యక్రీడయు ఆముక్తమాల్యద రాజనీతియు – భావనపాడు తీరము నాధారముగా ఒక పరిశీలన

ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమున యామునాచార్యుడు రాజ్యము విడిచి పోవుచు కుమారునకు చెప్పిన నీతులను మన సాహిత్యవిద్యార్థులు సామాన్యముగా రెండు విధముల చదువుచున్నారు. కొందరు వానిని కృష్ణదేవరాయల స్వానుభవమునకు సాక్ష్యముగా గైకొని చరిత్రతో సరిపోల్చుదురు. మరికొందరు కౌటిల్య కామందకాదులనుండి రాయలు గ్రహించిన దెంత, తాను కూర్చిన దెంత యని విడదీయుదురు. రెండు మార్గములును ఉపయుక్తములే. ఐనను ఈ ముప్పదియేండ్ల కాలమున మూడవ మార్గ మొకటి తెరువబడినది. నేడు యువకులలో పెక్కురు రాజనీతిని గ్రంథములందు కాక, కంప్యూటరుపై ఆడు సామ్రాజ్యక్రీడలందు అభ్యసించుచున్నారు. నగరము నెచ్చట నెలకొల్పవలెను, ముందుగా ధాన్యమును పెంచవలెనా సైన్యమును పెంచవలెనా, క్రొత్త నేలకు జనము నెప్పుడు పంపవలెను అను ప్రశ్నలకు వారు ప్రతిరాత్రియు సమాధానము చెప్పుకొనుచున్నారు. ఆ సమాధానములను రాయల సమాధానముల ప్రక్కన నిలిపి చూచుట ఈ వ్యాసమున మేము తలపెట్టిన పని.

ఆట కావ్య మెట్లగును, దానికి విమర్శ యేల యని ఆక్షేపింపవచ్చును. ఆట కావ్యము కాకపోవచ్చును గాని రచన యగుటకు సందేహము లేదు. నియమములే దాని వాక్యములు. ఏ నియమము దేనిని లెక్కించునో, దేనిని లెక్కింపక విడుచునో పరిశీలించినచో రచయిత లోకమును చూచిన తీరు తెలియును. కవి విశేషణము నెన్నుకొనుటయు, ఆటకూర్పరి ఒక గడికి విలువ కట్టుటయు ఈ విషయమున సమానములే.

ఈ జాతి ఆటలకు ప్రతినిధిగా 'సివిలిజేషన్'ను గైకొందము. దీనిని సిడ్ మైయర్, బ్రూస్ షెల్లీ యనువారు రూపొందింపగా మైక్రోప్రోస్ సంస్థ 1991లో వెలువరించినది. ఇది వంతులవారీ ఆట. ఒకరి వంతు ముగియువరకు రెండవవారు వేచియుందురు. కావున చేతివేగమునకు ఇందు పని లేదు, ఆలోచనకే పని. నగరము చుట్టునున్న ఇరువదియొక్క గడులు దాని పొలము. ప్రతి గడియు ఆహారము, ఉత్పత్తి, వాణిజ్యము అను మూడింటిలో కొంతకొంత ఇచ్చును. పౌరు డొక్కొక్కడు రెండేసి పాళ్ల ఆహారము తినును. మిగిలినది గాదెలో చేరి, నిండగానే మరియొక పౌరుడు పుట్టును. ఉత్పత్తి కూడి సైనికుడో, గిడ్డంగియో, ఆలయమో అగును. లేదా వలసబండి యగును. వలసబండి బయలుదేరినప్పుడు నగరజనములో ఒకపాలు తగ్గును. అది పోయి మరియొకచోట క్రొత్త నగరమును నిలుపును. ఆటలోని కష్టమంతయు ఇచ్చటనే యున్నది. ఉన్న ఊరిని బలపరచవలెనా, దానిని కొంత క్షీణింపజేసి క్రొత్త ఊరు కట్టవలెనా? 1993లో 'మాస్టర్ ఆఫ్ ఓరియన్' అను మరియొక ఆటను పరిచయము చేయుచు అలన్ ఎమ్రిచ్ ఈ జాతిని నాలుగు క్రియలతో నిర్వచించెను: వెదకుట, విస్తరించుట, పిండుకొనుట, నిర్మూలించుట. ఆంగ్లమున ఆ నాలుగు మాటలకును ఒకే అక్షరధ్వని కుదిరినది. తెలుగున ఆ చమత్కారము కుదరదు. కుదరకపోవుటయే మేలేమో, క్రియలు నగ్నముగా కనబడుచున్నవి.

ఆటగాండ్ర పరిభాషలో ఈ ప్రశ్నకు 'అడ్డముగా పెరుగుటయా, నిలువుగా పెరుగుటయా' యని పేరు. పెక్కు చిన్న నగరములు నాటుట మొదటిది, కొలదినగరములను సంపన్నములు చేయుట రెండవది. రాయల పద్య మొకటి సరిగా ఈ ప్రశ్ననే యెత్తుకొన్నది. దేశము విశాలమై యుండుట అర్థసిద్ధికి మూలమని ఆయన ముందుగా ఒప్పుకొనును. ఆ వెంటనే, నేల కొంచెమే యైనను గుంటలు, కాలువలు త్రవ్వించి, పేదవానికి అరి, కోరు అను పన్నులయందు అనుకూలము చూపి వానిని వృద్ధిపొందించినచో అర్థధర్మములు పెరుగునని చెప్పును. సామాన్యముగా ఈ పద్యమును నీటివనరుల ప్రాశస్త్యమునకు ఉదాహరించి ముందుకు సాగుదురు. మాకు ముఖ్యముగా తోచునది ఫలములలోని భేదము. వైశాల్యమునకు ఫలముగా చెప్పబడినది అర్థ మొక్కటియే. చెరువునకును పన్నుల సడలింపునకును ఫలముగా చెప్పబడినవి అర్థము, ధర్మము రెండును. రాయలు వైశాల్యమును తక్కువచేయలేదు. ఎన్నో దండయాత్రలు నడపినవాడు ఎట్లు తక్కువచేయును? దాని హద్దును మాత్రము చూపెను. రెండవ మార్గమున ధర్మము చేరుటకు కారణము, అందు పేదరైతు కర్తగా వచ్చుటయే. వైశాల్యమును గూర్చిన వాక్యమున మనుష్యుడు లేడు.

ఇది పద్యమున నిలిచిన ఆదర్శమే యనుకొనుటకు వీలులేదు. రాయలు కట్టించిన పెద్ద చెరువు పని జరుగుచుండగా పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పయస్ చూచి వర్ణించెను. కొన్నియేండ్ల తరువాత నూనిజ్ ఆ చెరువు విషయమే వ్రాయుచు, దాని క్రింది భూములను బాగుచేసికొనుటకై ప్రజలకు తొమ్మిదేండ్లు పన్ను లేకుండ ఇచ్చిరనియు, పిమ్మట దానివలన ఇరువదివేల పర్దావుల ఆదాయము వచ్చుచుండెననియు చెప్పెను. తొమ్మిదేండ్లు రాబడి లేకుండ వేచియుండుట! రాయలు ఏలిన కాలము 1509 మొదలు 1529 వరకు, ఇరువదియేండ్లు మాత్రమే. అందులో ఇంచుమించు సగము కాలమునకు ఒక రాబడిని వదలుకొనుట సామాన్యవిషయము కాదు. ఆట నేర్పుగా ఆడువాడు ఇట్టి నిర్ణయమును జంకులేకుండ చేయగలడా యని మేము విద్యార్థుల నడిగితిమి. ఆట ఆరంభమున చేయవచ్చును గాని పొరుగువాడు సైన్యము కూర్చుచున్నప్పుడు చేయలేమని వారు చెప్పిరి. రాయలకు పొరుగువారు లేకపోలేదు.

ఆదాయవిభజన విషయమున పోలిక మరింత దగ్గరగా నున్నది. తొలి సివిలిజేషన్‌లో వాణిజ్యపు రాబడిని పన్ను, విలాసము, విజ్ఞానము అను మూడు పాళ్లుగా పంచవలెను. రాయలు ఆదాయమును నాలుగు పాళ్లు చేసి, రెంటిని సైన్యపోషణకును, ఒకదానిని దానభోగములకును, ఒకదానిని భాండాగారమునకును కేటాయించెను. సగము సేనకే! ఆముక్తమాల్యదను శాంతిగ్రంథముగా చూపగోరు అభిమానులు ఈ పద్యమును దాటిపోరాదు. మేము చెప్పబోవునది రాయలు అహింసాపరుడని కాదు.

ఆటల చరిత్రను చూచినచో, విస్తరణకు మూల్యము కలదను సత్యము వాని నియమములలో మెల్లమెల్లగా ప్రవేశించినది. 1991నాటి కూర్పున రాజధానికి దూరమగుకొలది నగరపు వాణిజ్యమున కొంత 'అవినీతి' పేరిట హరించుచుండెను. అది చాలక ఆటగాండ్రు పటమంతయు చిన్నచిన్న ఊళ్లతో సందులేకుండ నింపి గెలుచుచుండిరి. 2005నాటి నాలుగవ కూర్పున క్రొత్త నగర మొక్కొక్కటియు మొత్తము రాజ్యపు నిర్వహణవ్యయమును పెంచునట్లు చేసిరి. తొందరపడి విస్తరించినవాని ఖజానా వట్టిపోవును. 2010నాటి అయిదవ కూర్పున క్రొత్త నగరము దేశమంతటి అసంతృప్తిని పెంచును. 2016లో ఆరవది వచ్చినది. దానికి 2019లో చేర్చిన అనుబంధమున తుపానులు, వరదలు, సముద్రమట్టపు పెరుగుదల చోటుచేసికొన్నవి. ఈ క్రమమును మేము ఎగతాళిగా చెప్పుట లేదు. తన మొదటి సూత్రమునే సందేహించుచు ముప్పదియేండ్లు నడచిన రచన గౌరవింపదగినది. ఐనను ఈ దిద్దుబాట్లన్నియు రాజునకు కలుగు నష్టములే. ఖజానా తగ్గును, అసంతృప్తి పెరుగును, తీరపు గడి మునుగును. నష్టపడినవాడు వేరొకడు కావచ్చునను ఊహకు ఇంకను చోటు లేదు.

మన ఇండ్లలోని వామనగుంటలు ఈ సందర్భమున స్మరింపదగినవి. అదియు వంతులవారీ ఆటయే. ఉత్పత్తియు విస్తరణయు అందును కలవు. వరుసకు ఏడు చొప్పున రెండు వరుసల గుంటలు, చింతగింజలు. గుంటలోని గింజలు తీసి వరుసగా ఒక్కొక్కటి చొప్పున విడుచుచు పోవలెను. తనవి నిండగనే ఎదుటివారి గుంటలలోను విడువక తప్పదు. ఎదుటివారి పొలమున నాటనిదే తనకు పంట లేదు. ఓడినవారు మరుసటి ఆటకు తమ గింజలతో నిండినన్ని గుంటలే నింపుకొందురు, మిగిలినవి పాడుపడియుండును. గెలిచినవారికి ఆ పాడుగుంటలు లాభమే యైనను, అవి పెరిగినకొలది ఆట రుచి తగ్గును. ఆడినవారందరును దీని నెరుగుదురు. (ఇచ్చటి 'పాడు'నకును భావనపాడు వంటి ఊరిపేళ్ల చివర వచ్చు 'పాడు'నకును సంబంధము లేదు, అది గ్రామవాచకము. విద్యార్థులు ఈ రెంటిని కలిపివేయుట పరిపాటి యైనందున చెప్పుచున్నాము.)

ఇక ఈ నియమములను ఒక నేలపై పరచి చూడవలెను. భావనపాడు తీరమును మేము ఎన్నుకొనుటకు కారణము, రాయల నీతిపద్యములలో వేరువేరుగా వచ్చు అడవి, రేవు, వలసపోవు జనము ఇచ్చట ఒక్కచోట కానవచ్చుటయే. భావనపాడు టెక్కలి దిక్కున, సంతబొమ్మాళి మండలమున, సముద్రపుటొడ్డునగల మత్స్యకార గ్రామము. సమీపమున నౌపడ ఉప్పుమళ్లు. ఆ ఉప్పుసీమనుండి పర్లాకిమిడికి 1900లోనే చిన్నరైలు నడచినది. చెంతనే చిత్తడినేలలు, తేలినీలాపురమునకు ఏటేట గూడబాతులును ఎర్రకాళ్ల కొంగలును వచ్చును. ఉత్తరముగా పోగా ఉద్దానము. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు. ఆ జీడిగింజలకు పలాస కార్ఖానాలు.

ఆటగాడు ఈ తీరమును చూచినచో ఏమి కనును? సముద్రపుగడి ఆహారమును వాణిజ్యమును ఇచ్చును. ఉప్పు విలాసద్రవ్యము, మేలే. తోటలు మంచివే. చిత్తడిగడి మాత్రము హీనము. మొదటి కూర్పులలో దానికి చేయదగిన ఉపచారము పనివారిని పంపి పచ్చికనేలగా మార్చుట. ఇది ఆటకూర్పరుల దోషమే యనలేము. ఇదే తీరమున సోంపేట బీలను ప్రభుత్వపత్రములు బంజరుగా పరిగణించినవి. బీలలో చేపలు పట్టువారు, పశువులు మేపువారు, ఆ నీటితో పైరు పండించువారు అది బంజరు కాదనిరి. 2010 జూలైలో సోంపేటయందును, 2011 ఫిబ్రవరిలో భావనపాడునకు దగ్గరనే యున్న కాకరాపల్లియందును విద్యుత్కేంద్రములకు వ్యతిరేకముగా నడచిన ఆందోళనలపై పోలీసుకాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. గడి విలువను ఎవరు కట్టవలెనను ప్రశ్న ఆటలో పుట్టదు; అచ్చట విలువ ముందుగనే అచ్చై యుండును. సోంపేటలో పుట్టినది సరిగా ఆ ప్రశ్నయే.

అడవులమాట చూతము. నాలుగవ కూర్పున అడవిగడిని నరికించినచో నగరమునకు ఒక్కమారుగా ఇరువది పాళ్ల ఉత్పత్తి చేరును. గణితశాస్త్రము నేర్చిన పిదప ముప్పది. నేర్పరులు తొలివంతులలోనే అడవులు నరికి వలసబండ్లను త్వరపరచుదురు. అనగా విస్తరణకు పెట్టుబడి అడవి. రాయలును ఈ విషయమున నిర్దోషి కాడు. సరిహద్దు అడవులను పెంచుమనియు, దేశమధ్యమునగల వానిని నరికింపుమనియు ఆయన ఉపదేశము. రెండింటను వృక్షము ఉపకరణమే. ఐతే రాయలు నరకుమన్నది దొంగలభయముచేత, ఉత్పత్తి త్వరకొరకు కాదు. నరికిన చెట్టు లెక్కలో రాబడిగా చేరుటకును, భయనివారణకు తప్పనిసరియగుటకును భేదమున్నదని మా అభిప్రాయము. అది పెద్ద భేదమని వాదింపబోము.

కాలమును లెక్కించుటలో భేదము మరింత స్పష్టము. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాసకు చేరువ తీరము దాటి ఉద్దానపు కొబ్బరిని, జీడితోటలను నేలకూల్చినది. నాలుగు మాసములకే, 2019 ఫిబ్రవరిలో, ఆరవ కూర్పునకు తుపానుల అనుబంధము వెలువడుట యాదృచ్ఛికము. ఆ ఆటలోను తుపాను తోటలను పాడుచేయును. పనివానిని పంపినచో ఒక్క వంతులో తోట యథాప్రకారము ఫలించును. పైగా కొన్ని గడులు మునుపటికంటె సారవంతములగును. ఆటచివరి భాగమున ఒక వంతనగా ఒక సంవత్సరమో, అంతకు తక్కువయో. ఉద్దానపు రైతు నాటిన కొబ్బరిమొక్క కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. తండ్రి నాటినదానిని కొడుకు కోయుట అచ్చటి వాడుక. చెరువు క్రింది నేలకు తొమ్మిదేండ్లు గడువిచ్చిన రాజునకు ఈ లెక్క తెలిసియుండును. 'గడువు' అను భావనయే ఆటలో లేదు. ఆటగాడు దేనికైనను వేచియుండవచ్చును; ఇంకొకరిని వేచియుండనిచ్చుటకు మాత్రము వీలు లేదు.

ఇప్పుడు మా ప్రధానాంశమునకు వచ్చితిమి. బాధపడి దేశము విడిచిపోవు ప్రజలను మరల పిలువక, వారి పశువులను ధాన్యమును అమ్ముకొని, వారి యిండ్లకలపను వంటచెరకుగా భావించు అధికారి కలిగిన రాజు ఏడుదీవులు గెలిచినను సమృద్ధి నెరుగడని రాయల పద్యము. అట్టి అధికారిని యుద్ధభూమిలోని నక్కతో పోల్చెను. విస్తరణకు ఇంతకంటె పెద్ద కొలత లేదు: సప్తద్వీపములు. ఆ కొలతను ఒక ఖాళీయింటి ఎదుట నిలిపి కొట్టివేసినాడు. అలంకారశాస్త్రదృష్టితో చూచినను ఈ పద్యము ఆ ప్రకరణమున మేటి యని మేము తలతుము. నక్క పోలికలోని బీభత్సము వెనుక కరుణ యున్నది. దానిని మాటలలో ఎచ్చటను చెప్పలేదు.

ఆటలో ఆహారము తక్కువైనచో నగరజనములో ఒకపాలు తగ్గును. ఆ పౌరు డేమయ్యెను? చనిపోయెనా, పొరుగురాజ్యమునకు పోయెనా? ఆట చెప్పదు. ఆరవ కూర్పునకు 2018లో వచ్చిన మొదటి అనుబంధమున నగరము నగరమంతయు రాజును విడిచిపోవుటకు నియమము కల్పించిరి, అది మెచ్చదగినదే. ఒక కుటుంబము తలుపునకు తాళమువేసి పోవుటకు నియమము లేదు. వలస యనగా ఆటలో రాజాజ్ఞచే జరుగునదే, రాజ్యమును పెంచునదే. ఉద్దానపువారి వలస అట్టిది కాదు. వారు పనికై దూరనగరములకు పోవుదురు. వారి పోకవలన ఏ పటమునను ఏ రంగును వ్యాపింపదు. రాయల పద్యమున 'వలస' ఈ రెండవ అర్థముననే యున్నది. ఆ నీతిప్రకరణమును ఆటతో సరిపోల్చి చదివినందున మాకు దక్కిన ముఖ్యఫల మిది.

రాయల జీవితమును ఈ పద్యముతో కలిపి చూచుట ఉచితము. ఆయన గజపతిపై దండెత్తి 1515లో కొండవీటిని గైకొని, ఉత్తరమునకు నడచెను. సింహాచలమున 1516నాటి శాసనము కలదు, పొట్నూరున జయస్తంభము నాటెను. తరువాత సంధిచేసికొని, గజపతికూతురిని పెండ్లాడి, కృష్ణకు ఉత్తరపు భూములను తిరిగి యిచ్చివేసెను. ఆముక్తమాల్యదకు ప్రేరణ యైన ఆంధ్రవిష్ణుని స్వప్నము ఈ కళింగయాత్రలోనిదే. (ఆ శ్రీకాకుళము కృష్ణాతీరమునందలిది, మన జిల్లాకేంద్రము కాదు.) గెలిచినదానిని తిరిగి యిచ్చుటకు రాజకీయకారణములు రాయలకు ఉండనే యుండును, దానిని త్యాగముగా వర్ణించుట అతిశయోక్తి. ఆటలో మాత్రము ఇట్టి పని చేసినవాని అంకె అప్పటికప్పుడే పడిపోవును, ఏలయన నేల విస్తీర్ణమే అంకెలో ఒక భాగము.

తుదకు రేవు. గుఱ్ఱములు, ఏనుగులు, మణులు, చందనము, ముత్యములు వచ్చునట్లు రేవులను పాలింపుమని రాయలు చెప్పెను. ఈ తీరమున 2023 ఏప్రిలులో మూలపేటయందు నౌకాశ్రయమునకు శంకుస్థాపన జరిగినది. భావనపాడు రేవుగా ఏండ్లతరబడి చెప్పుకొన్నది ఇదియే. ఆ సంవత్సరమే డిసెంబరులో పలాసయందు మూత్రపిండవ్యాధులకు ఆసుపత్రియు, హిరమండలము జలాశయమునుండి ఉద్దానమునకు త్రాగునీటి పథకమును ప్రారంభమైనవి. ఉద్దానపు వ్యాధిని గూర్చి తెలిసినవారికి ఈ రెంటి అవసరమును చెప్పనక్కరలేదు. ఆటభాషలో ఇవి ఉత్పత్తివరుసలోని రెండు పనులు: రేవు, నీరు. ఏది ముందు? రేవు అడ్డముగా పెంచును, నీరు నిలువుగా పెంచును. ఆటగాడు సామాన్యముగా రేవునకే మొగ్గును, ఏలయన దాని రాబడి గడిపై అంకెగా కనబడును. నీటివలన బ్రతికినవాడు అంకెకు ఒకపాలుగా చేరును. వాని పేరు, ఊరు, రోగము చేరవు.

రేవును గూర్చిన రాయల పద్యము సరకులతో ఆగలేదు. కష్టములు, రోగములు తరుమగా పరదేశమునుండి వచ్చి చేరిన జనమును వారివారి జాతికి తగినట్లు అరసి ప్రోవవలెనని అందే చేర్చెను. పోవువారిని పిలువుమన్న పద్యమునకు వచ్చువారిని ఆదరింపుమన్న ఈ పద్యము జోడు. ఈ తీరపు మత్స్యకారులు రెండవ కోవకును చెందుదురు: శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలవారు వేటపనికై గుజరాతులోని వేరావల్ రేవునకు పోవుచుండుట తెలిసినదే. 2018 చివర అట్లు పోయినవారిలో కొందరు సముద్రముపై పాకిస్తానువారికి చిక్కి, ఏడాదికి పైగా చెరలో నుండి, 2020 జనవరిలో వాఘా సరిహద్దున మన నేలపై అడుగిడిరి.